ఈక్వడార్ అమెజాన్: కిచ్వాల ఊళ్ళ చుట్టూ అడవిని నరికింది ఎవరు?

నల్లమద్ది

ఉపగ్రహ చిత్రాల్లో ఈక్వడార్ తూర్పు భాగం చూస్తున్నాను. కోకా, లాగో అగ్రియో పట్టణాల చుట్టూ అడవిని స్కేలు పెట్టి గీతలు గీసి కోసినట్లుంది. అదే పటంలో దక్షిణానికి జరిగితే పస్తాసా ప్రావిన్సు వస్తుంది. అక్కడ నది వంపులు తప్ప మిగిలినదంతా ముదురు ఆకుపచ్చ. రెండు చోట్లా కిచ్వా అనే ఆదివాసులు ఉన్నారు. ఒకే భాషా కుటుంబం, దాదాపు ఒకే రకం సాగు. ఆదివాసులు ఉన్నచోట అడవి నిలుస్తుందని సభల్లో చెబుతుంటారు. మరి ఉత్తరాన ఎందుకు నిలవలేదు? తెలిసినవాళ్ళు చెప్పండి. కంపెనీల దోపిడీ అని ఒక్క మాటతో ముగించవద్దు, ఆ మాట నాకూ తెలుసు.

భూపటం

మీరు చూసిన గీతలు రోడ్లు. 1967లో లాగో అగ్రియో దగ్గర టెక్సాకో, గల్ఫ్ కంపెనీల కూటమికి చమురు దొరికింది. 1972 నాటికి ఆండీస్ పర్వతాల మీదుగా పసిఫిక్ తీరంలోని ఎస్మెరాల్దాస్ వరకు సుమారు 500 కిలోమీటర్ల పైపులైను వేశారు. పైపులైను వెంట ఒక రోడ్డు, బావుల దగ్గరికి మరికొన్ని రోడ్లు పడ్డాయి. చమురు కంపెనీ నేరుగా నరికిన అడవి ఆ రోడ్ల వెంట జరిగిన నరికివేతతో పోలిస్తే చాలా తక్కువ. కొండ ప్రాంతాల నుంచి, కరవుతో చితికిపోయిన దక్షిణాది లోహా ప్రావిన్సు నుంచి భూమిలేని రైతులు బస్సెక్కి వచ్చారు. ఒక్కో కుటుంబానికి 50 హెక్టార్ల చొప్పున కొలిచి ఇచ్చారు. రోడ్డు పక్కన 250 మీటర్ల వెడల్పు, లోపలికి 2 కిలోమీటర్ల పొడవు. మొదటి వరుస నిండాక దాని వెనక రెండో వరుస, ఆ వెనక మూడోది. మీకు పైనుంచి కనిపించేది ఈ కొలతే.

పాతకోర్టు

భూపటం గారు చెప్పినది సగం కథ. మిగతా సగం చట్టంలో ఉంది. 1964 భూసంస్కరణల చట్టంతో అక్కడ భూసంస్కరణలకు, వలస స్థావరాలకు కలిపి ఒక ప్రభుత్వ సంస్థ పుట్టింది. అమెజాన్ అడవి అంతా ఆ చట్టం దృష్టిలో బంజరు. కిచ్వాలు తరాలుగా వేటాడుతున్న, చేపలు పడుతున్న, సాగు చేసి బీడు వదిలి మళ్ళీ సాగు చేస్తున్న భూమి కూడా రికార్డుల్లో ఎవరిదీ కాదు. పట్టా కావాలంటే భూమిని "పనిలో పెట్టినట్లు" చూపించాలి. తనిఖీకి వచ్చిన అధికారి కంటికి పనిలో పెట్టడం అంటే చెట్లు కొట్టేయడమే. చెట్టు నిలబెట్టుకున్నవాడికి హక్కు లేదు, నరికినవాడికి పట్టా.

కిచ్వా కుటుంబాల పరిస్థితి ఊహించండి. పక్కన వలసరైతు నరుకుతూ వస్తున్నాడు. మీరు నరకకపోతే మీ భూమి ఖాళీ అని రాసి అతనికే ఇస్తారు. అందుకే నాపో ప్రావిన్సులో కిచ్వాలు కూడా 1970లలో అడవి కొట్టి పచ్చిక వేశారు. పశువులు కొనుక్కోవడానికి ప్రభుత్వ బ్యాంకు అప్పులిచ్చింది. అంతకుముందు వాళ్ళకు పశువులు మేపే అలవాటే లేదు. ఆ పచ్చిక బీడు పాలకోసం కాదు, భూమి మీద సంతకం కోసం.

రెండోకారు

ప్రతి పాపాన్నీ చట్టం మీదికి నెట్టేస్తే ఎలా మాస్టారు? ఆ చట్టం పాతబడి చాలాకాలమైంది. ఇప్పటికీ కిచ్వాలు నరుకుతూనే ఉన్నారు కదా. నేను రైతును. ధర ఉన్న పంట కనిపిస్తే ఏ రైతైనా భూమి పెంచుకుంటాడు. ఆదివాసి అయితే పెంచుకోడని అనుకోవడం గౌరవమా, చిన్నచూపా?

చేదుకోకో

రెండోకారు గారి ప్రశ్న న్యాయమైనదే. కోకో కొనుగోలు పని మీద నేను కొంతకాలం తేనా, అర్చిదోనా ప్రాంతంలో ఉన్నాను కాబట్టి రెండు మాటలు చెబుతాను.

అక్కడ నరంహీయా అని ఒక పండు ఉంది. వంకాయ కుటుంబపు మొక్క, పుల్లటి నారింజరంగు కాయ, రసానికి దేశమంతా గిరాకీ. చిక్కు ఏమిటంటే ఒకటి రెండు కాపుల తర్వాత వేరుపురుగులు, తెగుళ్ళు పట్టుకుంటాయి. మందులు కొట్టడానికి డబ్బు లేని రైతు కొత్తగా అడవి కొట్టిన నేలలో మళ్ళీ వేస్తాడు. పాత మడి పచ్చిక అవుతుంది, లేదా పొదలు పడుతుంది. ఈ పంట వేసినవాళ్ళలో కిచ్వాలు చాలామంది.

కానీ ఆ పంట అక్కడికి చేరిన తీరు చూడండి. 1987 మార్చి 5న రెవెంతదోర్ అగ్నిపర్వతం దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. కొండచరియలు విరిగి సుమారు వెయ్యి మంది చనిపోయారు, పైపులైను కిలోమీటర్ల మేర కొట్టుకుపోయింది, చమురు ఎగుమతి నెలల తరబడి ఆగింది. కోకాకు మరో దారి కావాలని ఒయిన్–లొరెతో రోడ్డును హడావుడిగా పూర్తి చేశారు. అది కిచ్వాల భూముల మధ్యగా వెళ్ళింది. రోడ్డు పక్కన బుట్టలో పెట్టి అమ్ముకోగల పంటగా నరంహీయా దొరికింది. రోడ్డు లేని ఊరి నుంచి ఆ కాయను మోసుకొచ్చేలోపు కుళ్ళిపోతుంది. కాబట్టి రైతు బుద్ధి రెండు చోట్లా ఒకటే. లారీ వచ్చే చోటు, రాని చోటు వేరు.

గోరువంక

మరి వాళ్ళ పాత సాగు ఎలా ఉంటుంది? "చక్రా" అనే మాట చాలా చోట్ల చదివాను. మన పోడు లాంటిదేనా?

చేదుకోకో

కొంత పోలిక ఉంది, తేడా కూడా ఉంది. అక్కడ ఏడాదికి మూడు నాలుగు మీటర్ల వాన పడుతుంది. కొట్టిన కొమ్మ కాల్చడానికి ఎండే వరకు వాన ఆగదు. అందుకని చాలా చోట్ల కాల్చరు, నరికిన ఆకు, కొమ్మ నేల మీదే కుళ్ళబెడతారు.

చక్రా ఇంటి ఆడవాళ్ళది. మగవాళ్ళు పెద్ద చెట్లు కొట్టి ఇస్తారు, ఆ తర్వాత పెత్తనమంతా ఆమెదే. కర్రపెండలం ప్రాణం. దానితోనే చిచా చేస్తారు, అది పానీయమూ భోజనమూ కూడా. పొద్దున్నే పొలానికి వెళ్ళేవాళ్ళకు, వచ్చిన అతిథికి, పంచాయితీకి కూర్చున్నవాళ్ళకు ముందు చిచా గిన్నె రావాలి. కర్రపెండలంలోనే పదుల రకాలు పెడతారు, కోడళ్ళు పుట్టింటి నుంచి కాడలు తెచ్చుకుంటారు. వాటి మధ్య అరటి, చోంటా పామ్, కోకో, గ్వాయుసా, మందు మొక్కలు, పైన కలప చెట్లు. గ్వాయుసా ఆకును తెల్లవారుజామున కాచి తాగుతారు, కాఫీలాగే నిద్ర ఎగరగొడుతుంది. రెండు మూడేళ్ళకు పెండలం తగ్గాక ఆ మడిని వదిలేస్తారు. అయినా పండ్ల చెట్లకోసం వస్తూపోతూ ఉంటారు. బయటివాళ్ళకు అది పొదలు పట్టిన బీడులా కనిపిస్తుంది. 2023లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నాపో ప్రావిన్సు చక్రాను ప్రపంచ వ్యవసాయ వారసత్వ వ్యవస్థల జాబితాలో చేర్చింది.

ఇబ్బంది బీడు దగ్గర వస్తుంది. అడవి చాలినంత ఉన్నప్పుడు మడిని పది, పదిహేనేళ్ళు వదిలేయవచ్చు. రోడ్డు పక్కన కొలిచిన ముక్కలో నలుగురు కొడుకులు, వాళ్ళ పిల్లలు ఉంటే బీడుకు వదిలే గడువు తగ్గిపోతుంది. నేల కోలుకోదు. అప్పుడు మిగిలిన అడవి ముక్క మీద కన్ను పడుతుంది.

రెండోకారు

అంటే జనాభా పెరిగింది, భూమి పెరగలేదు. ప్రపంచంలో ప్రతి రైతు కథా ఇదే.

పాతకోర్టు

ప్రతి రైతు భూమిని మధ్యలో మరొకరికి రాసివ్వలేదు కదండీ. 1970ల చివర, 80లలో నాపో, సుకుంబియోస్ వైపు వేల హెక్టార్లను "బంజరు" పేరుతోనే ఆయిల్ పామ్ కంపెనీలకు ఇచ్చారు. అక్కడ ఉన్న కిచ్వా కుటుంబాలు తోట గట్టున మిగిలాయి. ఇక నల్లమద్ది గారు అడిగిన దక్షిణం సంగతికి వస్తాను, అసలు తేడా అక్కడే తెలుస్తుంది.

1992 ఏప్రిల్‌లో పస్తాసా కిచ్వాలు, అచువార్లు, ఇతర ఆదివాసులు పూయో పట్టణం నుంచి రాజధాని క్విటో దాకా నడిచారు. అడవి నుంచి కాలినడకన బయలుదేరి ఆండీస్ చలిలోకి ఎక్కడం. రెండేళ్ళ ముందు 1990లో దేశవ్యాప్తంగా ఆదివాసుల తిరుగుబాటు జరిగి ఉంది కాబట్టి అధ్యక్షుడు రోద్రిగో బోర్హా వాళ్ళను వట్టి చేతులతో పంపలేకపోయాడు. 11 లక్షల హెక్టార్లకు పైగా భూమికి ఉమ్మడి పట్టాలు ఇచ్చారు. వ్యక్తికి 50 హెక్టార్ల ముక్క కాదు, నదుల వెంట పెద్ద పెద్ద ఉమ్మడి భూభాగాలు. ఉమ్మడి పట్టాను అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు, నరికి చూపించాల్సిన అవసరమూ లేదు. అడవి అలాగే ఉన్నా హక్కు పోదు.

ఒక మెలిక మాత్రం పెట్టారు. నేల మీద హక్కు వాళ్ళది, నేల కింద ఉన్న చమురు ప్రభుత్వానిది.

గోరువంక

సరయాకు కేసు అక్కడిదేనా?

పాతకోర్టు

అవును, అదే మెలికలోంచి పుట్టిన కేసు. బొబొనాసా నది మీద సరయాకు ప్రజల భూమి సుమారు 1,35,000 హెక్టార్లు, జనం వెయ్యి పైచిలుకు. పట్టా ఇచ్చిన నాలుగేళ్ళకే, 1996లో, ప్రభుత్వం అర్జెంటీనాకు చెందిన సిజిసి కంపెనీతో చమురు అన్వేషణ ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందం కింద ఇచ్చిన చమురు ప్రాంతం పేరు 23వ బ్లాకు, అందులో సరయాకు భూమి చాలా భాగం ఉంది. వాళ్ళను ఎవరూ అడగలేదు. 2002–03లో సైన్యం రక్షణలో కంపెనీ మనుషులు దిగి, భూకంప తరంగాల సర్వేకోసం సుమారు 1,400 కిలోల పెంటోలైట్ పేలుడు పదార్థం నేలలో పాతిపెట్టారు. ఊరివాళ్ళు పొలాలు, బడి వదిలి అడవి సరిహద్దుల్లో కాపలా శిబిరాలు వేశారు. ఆ నెలల్లో చక్రాలు చూసేవాళ్ళు లేక తిండికి కష్టమైంది. 2012 జూన్‌లో అంతర్ అమెరికా మానవహక్కుల న్యాయస్థానం సరయాకు పక్షాన తీర్పు ఇచ్చింది. ముందస్తు సంప్రదింపులు జరపకపోవడం హక్కుల ఉల్లంఘన అంది, నష్టపరిహారం ఇప్పించింది, పేలుడు పదార్థం తీయించమంది. పదేళ్ళు దాటినా అది పూర్తిగా బయటికి రాలేదు. వేటకు వెళ్ళే నేలలో మందుగుండు ఉంది.

తీర్పు కూడా "సంప్రదించాలి" అన్న చోటే బలంగా ఉంది. 2008 రాజ్యాంగం ప్రకృతికి హక్కులు ఇచ్చింది, ఆదివాసులను ముందుగా సంప్రదించాలంది. కానీ వాళ్ళు వద్దంటే ప్రభుత్వం ఆగి తీరాలని రాయలేదు. మన దగ్గర 1997 సమతా తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీకి గనుల కోసం లీజుకు ఇవ్వరాదని తలుపు మూసింది. అక్కడ తలుపు తట్టి రమ్మంటున్నారు, అంతే.

రెండోకారు

సరయాకుకు రోడ్డు ఉందా?

భూపటం

లేదు. పడవలో వెళ్ళాలి, లేదా పూయో పక్కనున్న షెల్ పట్టణం నుంచి చిన్న విమానంలో.

రెండోకారు

అదే నేను అడగాలనుకున్నది. పటంలో ఆకుపచ్చ మిగలాలంటే ప్రసవానికి ఇబ్బంది వచ్చిన ఆడమనిషి విమానం కోసం ఎదురుచూడాలా? రోడ్డు వద్దని చెప్పడం రోడ్డు పక్కన ఉండేవాళ్ళకు సులువు.

గోరువంక

రోడ్డు కావాలా వద్దా అన్నది మనం ఇక్కడ కూర్చుని తేల్చే విషయం కాదు కదండీ. సరయాకువాళ్ళు విమానం, రేడియో, ఇంటర్నెట్ అన్నీ వాడతారు. తమ భూమిని జీవించే అడవిగా, "కవ్సక్ సచా"గా గుర్తించాలని 2018లో ప్రకటన కూడా క్విటో వెళ్ళి చేశారు. లోకానికి దూరంగా ఉండాలని వాళ్ళు అనలేదు.

ఇంకొకటి. ఉత్తరాన రోడ్డున్న ఊళ్ళకు ఆసుపత్రులు వచ్చాయా అన్నది చూడండి. 2020 ఫిబ్రవరిలో కోకా నది మీద సాన్ రఫాయేల్ జలపాతం కూలిపోయింది. అక్కడి నుంచి నది తన గట్లను వెనక్కి కోసుకుంటూ పోయింది. పైపులైన్లు అంచున వేలాడుతున్నాయని తెలిసీ ఆపలేదు. ఏప్రిల్ 7న విరిగాయి. దాదాపు 15,800 బ్యారెళ్ళ చమురు కోకా, నాపో నదుల్లోకి వెళ్ళింది. దిగువన సుమారు 27,000 మంది కిచ్వాలు తాగే నీళ్ళు, పట్టే చేపలు అవే. కోవిడ్ కర్ఫ్యూ నడుస్తున్న రోజులు. రోడ్డు దగ్గరున్నందుకు వాళ్ళకు దక్కింది అది.

రెండోకారు

సరే, అయితే 2023 ఓటింగు గురించి చెప్పండి. అమెజాన్‌లోని యసునీ జాతీయ పార్కులో 43వ బ్లాకు చమురు తీయవద్దని దేశంలో సుమారు 59 శాతం మంది ఓటేశారు. కానీ ఆ బావులున్న ఒరెయానా ప్రావిన్సులో మాత్రం తీయాలన్నవాళ్ళే గెలిచారు. క్విటోలో ఉన్నవాళ్ళు అడవిని కాపాడారు, అడవి పక్కన ఉన్నవాళ్ళు ఉద్యోగం అడిగారు.

భూపటం

ఆ లెక్క నిజమే. ఒరెయానాలో ఓటర్లందరూ ఆదివాసులు కారు, వలసరైతుల పిల్లలు, చమురు కార్మికులు చాలామంది ఉన్నారు. అయినా నాపో నది వెంట కిచ్వా ఊళ్ళలో కూడా చమురు కావాలన్నవాళ్ళున్నారు. ఊరికి బడి, పడవ ఇంజను, కూలిపని ఇచ్చేది చమురు కంపెనీ ఒక్కటే అయితే ఏ ఓటు వేస్తారు? ఇందులో నాకు వింతేమీ కనిపించదు.

చేదుకోకో

బంగారం సంగతి ఇంకా తేటగా ఉంటుంది. తేనాకు దగ్గరలో హతున్‌యాకు నది ఒడ్డున యుత్సుపినో అనే చోటు. కిచ్వా ఆడవాళ్ళు చెక్క పళ్ళెంలో ఇసుక కడిగి కాస్త బంగారం తీసుకోవడం పాత అలవాటు, పిల్లల బడి ఖర్చుకు సరిపోయేది. 2021 చివర్లో అక్కడికి పొక్లెయిన్లు దిగాయి. కొద్ది నెలల్లో నది ఒడ్డు దాదాపు 70 హెక్టార్లు గుంతలుగా మారింది. భూమి యజమానుల్లో కిచ్వాలు ఉన్నారు, తవ్వుకోమని వాటా మాట్లాడుకున్నారు. నిరసన తెలిపినవాళ్ళలోనూ కిచ్వాలే ఉన్నారు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు విడిపోయారు. 2022 ఫిబ్రవరిలో సైన్యం, పోలీసులు కలిసి దాడి చేసినప్పుడు 148 యంత్రాలు దొరికాయి. అన్ని యంత్రాలు లారీలెక్కి పట్టణం పక్కనుంచి వెళ్తుంటే ఎవరికీ కనిపించలేదట!

ఎగువన సెరెనా ఊళ్ళో ఆడవాళ్ళు "యుతురి వార్మి" పేరుతో కాపలా దళం పెట్టుకున్నారు. ఈటెలు పట్టుకుని నది వెంట తిరుగుతారు. వాళ్ళ ఊళ్ళోకి యంత్రం రానివ్వలేదు.

నల్లమద్ది

ఇప్పుడు పటం కొంత అర్థమవుతోంది. మరి పెరూ వైపు? అక్కడా కిచ్వాలున్నారు, రోడ్ల వెంట అడవి బాగానే పోయింది.

పాతకోర్టు

పెరూ చట్టం తలకిందులుగా నరికిస్తుంది. 1978 నాటి చట్టం ప్రకారం ఆదివాసి సమూహానికి సాగుయోగ్యమైన భూమి మీద మాత్రమే పట్టా. అడవి స్వభావం ఉన్న నేల ప్రభుత్వానిదే, దాన్ని "వాడుకోవడానికి" ఒప్పందం రాసిస్తారు. అంటే ఊరు చుట్టూ అడవి ఎంత ఎక్కువుంటే సొంత హక్కు అంత తక్కువ. సాన్ మార్తీన్ ప్రాంతంలో చాలా కిచ్వా ఊళ్ళకు ఆ ఒప్పందం కూడా చేతికి రాలేదు.

2001లో అక్కడ కోర్దియేరా అసుల్ జాతీయ పార్కు వచ్చింది, 13 లక్షల హెక్టార్లకు పైనే. తర్వాత ఆ అడవి పేరు మీద కార్బన్ క్రెడిట్లు, అంటే అడవి నరకకుండా ఆపిన కాలుష్యానికి లెక్కగట్టిన పత్రాలు, పెద్ద చమురు కంపెనీలకు అమ్మారు. మా వేట నేల అందులో ఉంది, మమ్మల్ని అడగలేదు, వాటా ఇవ్వలేదు అని ప్యుయెర్తో ఫ్రాంకో వంటి కిచ్వా ఊళ్ళు కోర్టుకు వెళ్ళాయి. ఒకప్పుడు నరకలేదని భూమి తీసుకున్నారు, ఇప్పుడు నరకకుండా ఉంచుతామని చెప్పి భూమిలోకి రానివ్వడం లేదు. నాకు ఈ రెండో రకం ఎక్కువ చిరాకు తెప్పిస్తుంది, ఎందుకంటే దానికి చప్పట్లు కొడతారు.

అదే ప్రాంతంలో సాంతా రోసియో దె యనయాకు ఊరి నాయకుడు కింతో ఇనుమా దొంగకలప, మాదకద్రవ్యాల ముఠాల మీద ఏళ్ళ తరబడి ఫిర్యాదులు చేశాడు. 2023 నవంబర్ 29న, పర్యావరణ కార్యకర్తల సమావేశం నుంచి ఇంటికి తిరిగి వెళ్తుండగా చంపేశారు.

గోరువంక

ఈక్వడార్‌లో అడవిని ఉంచినందుకు డబ్బు ఇచ్చే పథకం ఉందని విన్నాను.

భూపటం

సోసియో బోస్కె. 2008లో మొదలైంది. ఆదివాసి సమూహాలు, సొంత భూమి ఉన్నవాళ్ళు 20 ఏళ్ళ ఒప్పందం చేసుకుంటే హెక్టారు లెక్కన ఏటా డబ్బు వస్తుంది. మొదట్లో చిన్న కమతానికి హెక్టారుకు 30 డాలర్ల దాకా ఇచ్చేవారు, విస్తీర్ణం పెరిగేకొద్దీ రేటు తగ్గేది. పట్టా లేనివాళ్ళకు ప్రవేశం లేదు. మళ్ళీ అక్కడికే వచ్చాం.

చేదుకోకో

రోడ్డు పడక, ఉమ్మడి పట్టా చేతికొచ్చిన చోటుకు కూడా గిరాకీ వచ్చి పడగలదు, బాల్సా అలాగే వచ్చింది. తేలికైన కలప, గాలిమరల రెక్కల లోపల వాడతారు. ప్రపంచానికి బాల్సా ఇచ్చేది ప్రధానంగా ఈక్వడార్. 2019–20లో చైనాలో గాలిమరల నిర్మాణం ఒక్కసారిగా పెరిగి, తోటల్లో ఉన్న చెట్లు చాలక దళారులు పస్తాసా నదుల లంకల్లోకి పడవలు వేసుకుని వచ్చారు. బాల్సా నది ఒండ్రు మీద దానంతటదే మొలిచే చెట్టు, త్వరగా పెరుగుతుంది కూడా. కానీ కోతతో పాటు సారా, తుపాకులు, అప్పులు, కోవిడ్ ఊళ్ళోకి వచ్చాయి. కాలుష్యం లేని విద్యుత్తు కోసం అని ఎవరో వాళ్ళకు చెప్పే ఉంటారు.

రెండోకారు

చేదుకోకో గారూ, ఒక్క మాట సూటిగా. 2024లో కోకో టన్ను 10,000 డాలర్లు దాటింది. నేను అక్కడి రైతునైతే ఆ కలగాపులగపు చక్రా తీసేసి ఎక్కువ కాపు ఇచ్చే రకం ఒక్కటే వేస్తాను. మీ కిచ్వా రైతులు వేయడం లేదా?

చేదుకోకో

వేస్తున్నారు. సిసిఎన్-51 అని ఈక్వడార్‌లోనే పుట్టిన రకం ఉంది. ఎండను తట్టుకుంటుంది, విరగ కాస్తుంది, వాసన తక్కువ. పాత సువాసన రకానికి సహకార సంఘాలు కాస్త ఎక్కువ ధర ఇస్తాయి, కానీ ధర ఆకాశంలో ఉన్నప్పుడు రోడ్డు మీద దళారి రెండింటినీ కలిపి పచ్చి గింజలుగానే కొనేస్తాడు. పులియబెట్టి ఎండబెట్టే ఓపిక ఎవరికీ ఉండదు.

అయితే నేను చూసిన ఇళ్ళలో చాలా వరకు మగవాళ్ళు ఒక మూల ఆ రకం పెట్టుకున్నారు, చక్రా మొత్తం తీసేయడానికి ఇంటి ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. కోకో గుబురెక్కాక దాని కింద కర్రపెండలం రాదు. పెండలం లేకపోతే చిచా లేదు. సంతలో కొన్న బియ్యంతో కడుపు నింపవచ్చు కానీ అతిథి వస్తే ఏం పోస్తారు అని ఒక పెద్దావిడ కొడుకును నా ముందే నిలదీసింది. కొడుకు జవాబు చెప్పలేదు. తర్వాతి వారం పక్క మడిలో కోకో నారు పెట్టాడు.

రెండోకారు

పక్క మడి అంటే పాత బీడా, కొత్తగా కొట్టిన అడవా?

చేదుకోకో

పాత బీడే. ఎనిమిదేళ్ళుగా వదిలినది. వాళ్ళ నాన్న ఉన్నప్పుడైతే ఇంకో ఏడేళ్ళు ఆగేవాడట.